సోడా కాటు

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని మడతలక్క నాలుగడుగులు ముందుకు వేసింది. అటునుంచి పొడుగమ్మ కూడా వేసింది. గది మధ్యలో ఇద్దరి వేళ్ళూ కలిశాయి. పొడుగమ్మ చేతిలోని కొసలు మడతలక్క చేతిలోకి వచ్చాయి. పొడుగమ్మ వంగి, కింద వేలాడుతున్న మడతను అందుకుని వెనక్కి నడిచింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. చివరి మడత మాత్రం మడతలక్కదే. అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, దుప్పటిని రొమ్ముకు ఆనించుకుని, రెండు చేతులతో కిందికి దువ్వి, సగానికి విరిచి బల్ల మీద పడేస్తుంది. ఆవిరి రోలర్ల మధ్య నుంచి అప్పుడే వచ్చిన బట్ట కాబట్టి సెగలు కక్కుతూ ఉంటుంది.

"నీ వైపు వంకర పోయింది," అంది పొడుగమ్మ.

"నువ్వు తాడిచెట్టులా పెరిగిపోతే నా వైపు వంకర పోక చస్తుందా?"

ఇది వాళ్ళిద్దరి మధ్య ఏళ్ళ తరబడి నలిగిన హాస్యం. రోజూ నవ్వేవాళ్ళు. ఈరోజు నవ్వు రాలేదు. పదకొండింటికి మడతలక్క పెద్దాసుపత్రికి వెళ్ళాలి. పోయిన వారం అక్కడ ఆమె ఎడమ రొమ్ము మీది చర్మం చిన్న ముక్క కోసి తీసుకున్నారు. అదేమిటో ఈరోజు చెబుతారు.

మడతలక్క పొట్టి మనిషి. గుండ్రటి మొహం, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, బట్ట రాసుకుని రాసుకుని నున్నబడిపోయిన వేళ్ళు. తలుపులు, అలమరలు, ఆఖరికి మొగుడి చేతిరుమాలు కూడా కొసకు కొస కలవకపోతే ఆమెకు నిద్రపట్టదు. పెళ్ళయిన కొత్తలో ఆ లాండ్రీలో చేరింది. ఊళ్ళోని ఆసుపత్రులవీ హోటళ్ళవీ మాసిన బట్టలన్నీ అక్కడికే వస్తాయి. అసలు పేరేమిటో జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లలు పుట్టలేదు. ఆ బెంగ మొదట్లో తినేసింది, తర్వాత అదీ మడతపడి ఏ మూలో సర్దుకుంది.

ఆ లాండ్రీలో బట్టలను సోడాతో ఉతుకుతారు. జాడింపు సరిగా లేకపోతే సోడా బట్టలోనే మిగిలిపోతుంది. వేడి దుప్పటిని రొమ్ముకు ఆనించుకునే ఆడవాళ్ళకు అది చెమటతో కలిసి చర్మాన్ని కొరికేస్తుంది. మడతగదిలో దాని పేరు సోడా కాటు. అది పడని మనిషి ఆ గదిలో లేదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి కాటు పడితే "ఇదిగో, ఇప్పుడు మాలో కలిశావ్!" అని తక్కినవాళ్ళు వేళాకోళం చేస్తారు. మందు కూడా వాళ్ళకు తెలుసు: చన్నీళ్ళ గుడ్డ, కాస్త నూనె, జాడించేవాడికి నాలుగు తిట్లు. కొన్నాళ్ళకు పొట్టు రాలి మానిపోతుంది.

అందుకే చలికాలంలో ఎడమ రొమ్ము మీద ఎర్రగా కందినప్పుడు మడతలక్క కంగారు పడలేదు. బట్టలు మార్చుకునే గదిలో పొడుగమ్మకు చూపించింది.

"ఓస్, సోడా కాటే! పోయినేడు నాకు ఇంతకన్నా ఘోరంగా పడింది," అంది పొడుగమ్మ.

మానలేదు. ఎరుపు పాకింది. రొమ్ము బరువెక్కి, వేడెక్కి, రెండోదానికన్నా పెద్దదైంది. చర్మం దళసరిగా మారి, నారింజ తొక్కలా సన్నటి గుంటలు పడింది. చనుమొన లోపలికి లాక్కుపోయింది. మడతలక్క చిరిగిన దుప్పట్ల ముక్కలు పొరలు పొరలుగా పేర్చి ఒక మెత్త కుట్టుకుంది. భుజాలకు రెండు పట్టీలు పెట్టి, మెళ్ళో వేసుకుని, దాని మీద దుప్పట్లు ఆనించుకోవడం మొదలుపెట్టింది. ఎడమవైపు ఇంకో పొర వేసింది. అయినా మానలేదు. అప్పుడు కోపం జాడింపాయన మీదికి మళ్ళింది.

జాడింపాయన సన్నటి మనిషి. నీళ్ళలో నాని నాని చేతులు తెల్లబడి ముడతలు దేరాయి. ఒక్కో తొట్టి దించే ముందు తడిబట్ట కొసను నాలుకకు తగిలించి చూస్తాడు. చప్పగా ఉంటేనే వదులుతాడు. మడతలక్క ఎదురుపడితే "అక్కా, తిన్నావా?" అని అడగందే కదలడు. అలాంటి మనిషిని ఆమె మేస్త్రీ ఎదుట నిలబెట్టి కడిగేసింది.

"నీ బద్ధకం నా ఒళ్ళు తినేస్తోంది! జాడించే చేతులా అవి, ఊరికే ముంచి తీసే చేతులా?"

"ఒట్టు అక్కా. నాలిక మీద పెట్టి చూడకుండా ఒక్క గుడ్డ వదల్లేదు."

"నీ నాలిక మొద్దుబారిపోయింది. దానికేం తెలుస్తుంది!"

మేస్త్రీకి అదే కావలసింది. వయసు మీద పడ్డవాణ్ణి తొట్టి దగ్గరినుంచి తప్పించి మూటలు మోసే వ్యాను మీద వేశాడు. నడుంనొప్పి మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆసుపత్రుల మెట్లెక్కి మూటలు దించడం మొదలుపెట్టాడు. ఆ రోజునుంచి మడతలక్కతో మాట లేదు, చూపూ లేదు. తొట్టి దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. ఎరుపు మాత్రం కాస్తయినా తగ్గలేదు. అది సోడా కాదని మడతలక్కకు అప్పుడే అనుమానం తగిలింది. కానీ ఒప్పుకుంటే రెండు ఒప్పుకోవాలి. జాడింపాయనకు అన్యాయం చేశానని ఒకటి, ఒంట్లో మరేదో ఉందని ఇంకొకటి. రెండింటికీ నోరు రాలేదు.

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. మడతలక్క చెప్పుకుంది కూడా. ఒకరికి కాదు, ముగ్గురికి. లాండ్రీకి వచ్చే డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "సోడా పనేగా? ఒంటికి పడలేదు," అని పూతమందు రాసిచ్చాడు. వీధి చివర క్లినిక్కు డాక్టరు నొక్కి చూసి, "గడ్డ లేదుగా, భయం లేదు. ఇన్ఫెక్షన్," అని మాత్రలిచ్చాడు. తగ్గలేదంటే ఇంకా పెద్ద మాత్రలిచ్చాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. మూడోచోట రొమ్మును పలకల మధ్య నొక్కి ఫోటో తీశారు. ఫోటోలో ఏమీ లేదన్నారు. అక్కడి కుర్ర డాక్టరు నవ్వుతూ, "మామూలుగా పాలిచ్చే తల్లులకు వస్తుందమ్మా ఇలా," అన్నాడు. కడుపు పండని మనిషితో ఆ మాట! ఆమె తల వంచుకుని బొత్తాలు పెట్టుకుంది. ఆ కుర్రవాడి తప్పేముంది, తెలియదు. తెలియనివాళ్ళందరూ ఎంత ధీమాగా మాట్లాడతారో అన్నదే ఆమెకు మింగుడు పడలేదు.

భర్త బస్సుల డిపోలో టైర్లు బాగుచేస్తాడు. లోకంలో దేనికైనా ఆయన దగ్గర టైరు సామెత ఒకటి ఉంటుంది.

"ట్యూబుని నీళ్ళలో ముంచుతాం. బుడగ రాలేదా, ట్యూబు మంచిదే. గడ్డ లేదన్నారా, నువ్వూ మంచిదానివే. ఊరికే మనసు పాడుచేసుకోకు."

ఆ మాట ఆమెకు చాలాకాలం ఊరటగానే ఉండింది. చివరికి క్లినిక్కులో సూది వేసే నర్సు, తలుపు దగ్గరగా వేసి, చిన్నగొంతుతో అంది: "అమ్మా, ఇక్కడ తిరక్కండి. పెద్దాసుపత్రికి పోండి. రేపే పోండి."

పదకొండింటికి మడతలక్క మెత్త విప్పి మేకుకు తగిలించింది.

"మీ ఆయన వస్తున్నాడా?" అని అడిగింది పొడుగమ్మ.

"వచ్చి నీ పక్కన బొమ్మలా కూర్చోనా అన్నాడు."

"కూర్చుంటే అరిగిపోతాడా?"

మడతలక్క మధ్యాహ్నానికి వచ్చేస్తానని మేస్త్రీకి చెప్పి వెళ్ళింది.

పెద్దాసుపత్రిలో ఆకుపచ్చ రంగు వేసిన పొడవాటి వసారా. గోడ వెంట బెంచీలు, బెంచీల నిండా మనుషులు. పిలుపు వచ్చాక లోపలికి వెళ్ళి బల్ల మీద కూర్చుంది. కూర్చున్నాక చెయ్యి దానంతటదే బల్ల మీద పరిచిన లాండ్రీ దుప్పటిని తడిమింది. మధ్య గీత ఒక వేలెడు పక్కకు వంకర పోయింది. తన వైపు వంకర. తను మడిచిందే.

లేడీ డాక్టరు నడివయసు మనిషి. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"ఎవరైనా వచ్చారా మీతో?"

"లేదండి. నాకే చెప్పండి. వినేది నేనేగా."

"క్యాన్సరమ్మా. రొమ్ముదే. ఇది గడ్డ కట్టే రకం కాదు. చర్మం కింద పాకుతుంది. అందుకే నొక్కినా దొరకదు, ఫోటోలోనూ ఒక్కోసారి కనబడదు. అరుదుగా వస్తుంది, తొందరగా పాకుతుంది. ఎముకల్లోకి వెళ్ళిందేమో చూడాలి. మందులు వెంటనే మొదలుపెడదాం."

మడతలక్క దుప్పటి అంచును వేళ్ళతో సరిచేస్తూనే ఉంది.

"చలికాలంలోనే వచ్చుంటే తగ్గేదా అండి?"

డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. అబద్ధం చెప్పడం ఇష్టం లేని మనిషి కాబోలు. "అవకాశం ఎక్కువుండేది," అంది.

"వచ్చానండి. చలికాలంలోనే వచ్చాను. ఇక్కడికి కాదు, అంతే."

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద? నారింజ తొక్కలాంటి చర్మాన్ని కూర్చున్నచోటినుంచే చూసి పూతమందు రాసినవాడి మీద, గడ్డ లేదుగా అన్నవాడి మీద, తల వంచుకుని బొత్తాలు పెట్టుకున్న తన మీద. అందరికన్నా తన మీదే ఎక్కువ. జాడింపాయన మీద అరిచిన గొంతులో సగం ఆ డాక్టర్ల ముందు లేచి ఉంటే! మన నోళ్ళు మనకన్నా కింద ఉన్నవాళ్ళ మీదే లేస్తాయి. మెట్టు పైన ఉన్నవాడి ముందు నోట్లో నాలుక ఉండదు.

వసారాలోకి వచ్చేసరికి ఎదురుగా మూటల బండి. దాన్ని తోస్తున్నది జాడింపాయన. ఒక భుజం కిందికి దిగిపోయింది. ఆమెను చూసి మొహం తిప్పుకోబోయాడు. కానీ ఆమె ఏ గదిలోంచి వచ్చిందో చూశాడు. తలుపు మీద రాసినది చదివి ఆగిపోయాడు.

"అన్నా," అంది మడతలక్క. "సోడా కాదంట."

ఆయన బండి మీది చేతులు తియ్యలేదు.

"నీ జాడింపులో తప్పు లేదంట అన్నా. వేరే జబ్బు. పెద్దదే. నిన్ను పాడుచేశాను."

ఇన్ని నెలలుగా ఆయన కూడా కడుపులో ఏవేవో మాటలు దాచుకుని ఉంటాడు. ఆమె తప్పు తేలిన రోజున మొహం మీద అడగాలని ప్రతి మెట్టు మీదా అనుకునే ఉంటాడు. తెల్లబడ్డ చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"సోడానే అయ్యుంటే బాగుండేదక్కా," అన్నాడు. "నా తప్పే అయ్యుంటే బాగుండేది."

అప్పుడు ఏడ్చింది మడతలక్క. ఆ ఆకుపచ్చ వసారాలో, మాసిన దుప్పట్ల మూట మీద తల ఆనించి, వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన బండి కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి వచ్చేస్తానన్న మాట ప్రకారం లాండ్రీకి వచ్చేసింది. నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"ఆయన తప్పు లేదు. అది సోడా కాదు. ఆయన్ని మళ్ళీ తొట్టి దగ్గర పెట్టండి."

"ఇప్పుడెలా కుదురుతుంది? అక్కడ మనిషి కుదురుకున్నాడు. వ్యానుకు మనిషి కావద్దూ?" అన్నాడు మేస్త్రీ. ఏం జబ్బు అని అడగలేదు.

మెత్త మెళ్ళో వేసుకుని దుప్పటి కొసలు అందుకుంది. మూడో దుప్పటి దగ్గర పొడుగమ్మకు చెప్పింది. పొడుగమ్మ నడుస్తూ నడుస్తూ సగంలో ఆగిపోయింది.

"నేనే కదే అన్నాను, ఓస్ అని..."

"నువ్వేమన్నా డాక్టరువా? డాక్టర్లూ అదే అన్నారు. రా, బట్ట చల్లారిపోతోంది."

పొడుగమ్మ వచ్చింది. కొసకు కొస కలిసింది. ఆ సాయంత్రం దాకా ఒక్క దుప్పటీ వంకర పోలేదు.

ఇంట్లో భర్త చాలాసేపు అరచేతుల్లోని నల్లటి మరకలు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎంత కడిగినా పోని మరకలు.

"బుడగ రాని పంక్చరూ ఉంటుంది," అన్నాడు చివరికి. "వాల్వు దగ్గర. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు నీకు. భయపడతావని."

"నేను భయపడతాననా, నువ్వా?"

ఆయన మర్నాటినుంచి ప్రతిసారీ ఆసుపత్రికి వెంట వచ్చాడు. పక్కన బొమ్మలాగే కూర్చున్నాడు. అదే చాలనిపించింది ఆమెకు. ముందే కూర్చుని ఉంటే అని కూడా అనిపించింది.

ఆ తర్వాత కథ పెద్దగా లేదు. అప్పటికే ఎముకల్లోకి వెళ్ళింది. మందులు జుట్టునూ ఆకలినీ తీసుకున్నాయి గానీ దాన్ని ఆపలేకపోయాయి. వానలు మొదలయ్యేముందు ఒక మధ్యాహ్నం, భర్త మంచినీళ్ళు తేవడానికి ఆసుపత్రి వసారాలోకి వెళ్ళి వచ్చేలోగా, మడతలక్క వెళ్ళిపోయింది. దుప్పటి అంచు ఆమె వేళ్ళ మధ్య సగం మడిచి ఉంది.

మడతగదిలోకి కొత్తామె వచ్చింది. మేకుకున్న మెత్త చూసి వేసుకోబోతే, "దాన్ని ముట్టుకోకు," అని కసిరింది పొడుగమ్మ. ఆ సాయంత్రం జాడింపాయన వ్యాను దిగి వచ్చి, ఎవరినీ అడగకుండా మెత్తను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. కొత్త జాడింపు మనిషి పక్కకు జరిగాడు. నీళ్ళు మారుస్తూ, మారుస్తూ జాడించాడు. తడికొసను నాలుకకు తగిలించి చూసుకున్నాడు. మళ్ళీ జాడించాడు. తెచ్చి అదే మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

కుడివైపు మర్నాటికల్లా ఆరిపోయింది. ఒక పొర ఎక్కువున్న ఎడమవైపు మాత్రం ఇంకా తడిగానే ఉంది.