ఆరు చుట్లు

చాంద్‌బీ పలక అంచును రాతికేసి రుద్దింది, దుమ్ము ఊదింది, మళ్లీ రుద్దింది. మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా ఆమె చేసే పని ఇదే. వేళ్ల కొసలు అరిగి నున్నబడ్డాయి. కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి. ఈ రోజు మాత్రం చేయి మాటిమాటికీ కొంగు ముడి మీదికి పోతోంది. ముడిలో నాణెం ఉంది.

"ఏందక్కా, మెడల్ మెళ్లో ఏసుకొని రాలేదా?" పక్కన చట్రాలు బిగిస్తున్న కరుణమ్మ నవ్వింది. "నలబై దినాలు, దినానికి పది చుట్లు! నేనైతే రెండో చుట్టుకే కూలబడతా."

చాంద్‌బీ ఇంకో పలక అందుకుంది.

షుగరొచ్చాక ఆమెను హైస్కూలు మైదానంలో నడకకు దించింది రిటైరైన డ్రిల్లు మాస్టారు నరసింహారావు. ఎవరెన్ని చుట్లు తిరిగిందీ ఆయన నోటుపుస్తకంలో ఎక్కించేవాడు. నలభై రోజులు పదేసి చుట్లు తిరిగితే బహుమతి ఈ నాణెం, పాతకాలపు గ్రీకు నాణేనికి నకలు. దాని మీద ఇద్దరు మల్లులు ఒకరి ముంజేతులొకరు పట్టుకొని ఉంటారు.

"ఒంటిమీద గుడ్డ లేదేంది సార్?" అని ఆమె మొహం తిప్పుకుంటే మాస్టారు పకపకా నవ్వాడు.

"వాళ్లు అట్లనే ఆడేవాళ్లమ్మా. దాచుకునేదానికి ఏమీ ఉండకూడదని కాబోలు."

ఇరవయ్యో రోజున మాస్టారు గుండెజబ్బుతో ఇల్లు కదలడం మానేశాడు. అప్పటినుంచి ఆమె మూల విరిగిన పలకొకటి మైదానానికి తీసుకెళ్లి, చుట్టుకో గీత గీసి, కింద అంకె వేసి, ఇంటి వరండాలో కుర్చీలో కూర్చున్న ఆయనకు చూపించేది. ఆమెకు అంకెలొక్కటే వచ్చు. ఆయన పుస్తకంలో ఎక్కించుకోగానే తడిచేత్తో తుడిచేసేది. పలక మీద నిన్నటిది ఉండదు. మోకాళ్లు వాచిన రోజున ఆరు చుట్లు తిరిగి పది గీతలు గీసింది. ఈ ఒక్కరోజే అనుకుంది. ఆ తర్వాత అన్ని రోజులూ అంతే అయింది.

నిన్న ఆ వరండాలోనే, నడకకు వచ్చేవాళ్లందరి ముందు మాస్టారు నాణెం ఆమె అరచేతిలో పెట్టాడు. "నిన్ను చూసి మా పిల్లోళ్లు సిగ్గు తెచ్చుకోవాలమ్మా."

ఆ మాట రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది.

సాయంత్రం పని దిగి మైదానానికి పోయింది. ఆరు చుట్లు. ఏడోది మొదలుపెట్టి గోల్‌పోస్టు పట్టుకొని కూర్చుండిపోయింది. పలక మీద ఆరే గీతలు గీసింది, కింద ఆరు అంకె వేసింది. చెప్పాల్సిన మాట దారంతా కూడబలుక్కుంది. తప్పు చేసినాను సార్. ఇది నాది కాదు.

వరండా ముందు గుంపుగా చెప్పులు. లోపల చాప మీద మాస్టారు, ముక్కులో దూది. ఆయన భార్య రామతులసమ్మ చాంద్‌బీ చేయి పట్టుకుంది.

"మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు చాందమ్మా, మళ్లీ లేయలేదు. పడుకోబోతా గూడా, 'నలబై అయిపోయినా చాంద్‌బీ వస్తాది, పుస్తకం కుర్చీలో పెట్టు' అన్నాడు. నీ పది చూడందే ఆయనకు పొద్దు పోయేదే కాదు."

"అమ్మా, పది కాదు..."

ఎవరో ఏడుస్తూ లోపలికొచ్చారు. రామతులసమ్మ అటు తిరిగింది.

బయట వరండా కుర్చీలో నోటుపుస్తకం తెరిచే ఉంది. చాంద్‌బీ కొంగు ముడి విప్పింది. పలకను పుస్తకం పక్కన పెట్టి, దాని మీద నాణెం ఉంచి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగింది.

వచ్చేవాళ్లు ఆ కుర్చీని తప్పించుకొని లోపలికి పోతున్నారు. మూల విరిగిన పలక మీద ఆరు గీతలు, వాటి కింద ఎవరూ తుడవని ఆరు, ఆ పక్కన ఒకరి చేతులొకరు వదలని ఇద్దరు మల్లులు.