ఒక గొంతు, రెండు మెషిన్లు

మహాలక్ష్మమ్మ నలుగు పాట మోగని పెళ్లి ఉద్దానంలో తక్కువ. పాడింది ఆమేనని సొంతూరు అక్కుపల్లి దాటితే తెలిసినవాళ్లూ తక్కువే. పాతికేళ్ల కిందట పలాసలో ఆ క్యాసెట్టు చేసినప్పుడు, తమ ఇంటి ఆడమనిషి పేరు కొట్లలో వేలాడకూడదని భర్త వైకుంఠరావు పట్టుబట్టాడు. అట్ట మీద ‘మహిళా బృందం’ అని మాత్రమే అచ్చయింది.

ఇన్నాళ్లకి ఒక కళాసంఘం జానపద గాయకులకి గుర్తింపు కార్డులిస్తామంది. ఎంపిక టెక్కలిలో. పాట విని గాయని పేరు చెప్పే యాప్ ఒకటుంది. అందులో పేరు వస్తే వేరే రుజువు అక్కర్లేదన్నారు. ఆ పాట తనదేనని ఒక్క కాగితమైనా చెప్పాలన్నది మహాలక్ష్మమ్మ కోరిక.

చిక్కేమిటంటే, ఆ యాప్ ఒకసారి ఆమె పేరు చెబుతోంది, మరోసారి ఎవరో హైదరాబాదు గాయని పేరు.

మేనకోడలు భవ్యశ్రీ ఆ యాప్ కంపెనీకే ఇంటి నుంచి పనిచేస్తోంది. ఆ కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. జనం పంపే ఫిర్యాదుల్ని పరీక్షించి కారణం రాయడం ఆమె ఉద్యోగం. ఎప్పుడూ వచ్చే తప్పుని పట్టుకోవచ్చు. అప్పుడప్పుడూ వచ్చేదే సతాయిస్తుంది.

మొదట సముద్రపు గాలిని అనుమానించింది. కిటికీలు మూసి వినిపించింది. సిగ్నల్ బాగుంటుందని పలాస వెళ్లి చూసింది. తేడా లేదు. మైకుసెట్టు నడిపే బావ ఆనంద్, ఫోనుకి దిష్టి తీసి చూడమని వేళాకోళమాడాడు. ఆ క్యాసెట్టుని అత్త పేరుతో నెట్‌లో పెట్టింది అతనే. చివరికి ఆమె మైకుతో పనిలేకుండా పాట ఫైలునే నేరుగా పంపింది. అప్పుడూ రెండు పేర్లే. అంటే లోపం శబ్దంలో లేదు.

వచ్చిన జవాబుల వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది. జవాబిచ్చే మెషిన్లు రెండు. ఒకదాంట్లో ఆనంద్ పెట్టిన పేరుంది. రెండోదాంట్లో కొత్త జాబితా ఉంది. పాత క్యాసెట్ల హక్కులు కొన్న ఒక మ్యూజిక్ కంపెనీ, పేరు లేని పాటలన్నిటికీ తన గాయని పేరు తగిలించి ఇచ్చిన జాబితా. మన ప్రశ్న ఏ మెషిన్‌కి పోతే ఆ పేరు.

భవ్యశ్రీ ఆధారాలతో సహా అంతా రాసింది. సరైన పేరు మహాలక్ష్మమ్మ అని కూడా రాసింది. పైఅధికారి ధీరజ్ మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఇక ఒకే పేరు వస్తుందని ఆమె అత్తకి చెప్పింది.

ఒకే పేరు వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా హైదరాబాదు గాయనే.

ఫోన్ చేస్తే ధీరజ్ ఓపిగ్గానే మాట్లాడాడు. జవాబు మారుతోందన్నది ఫిర్యాదు, ఇప్పుడు మారడం లేదు కదా అన్నాడు. హక్కుల పత్రాలు ఆ మ్యూజిక్ కంపెనీ దగ్గరున్నాయి కాబట్టి రెండు మెషిన్లలోనూ దాని జాబితానే పెట్టామన్నాడు.

“మీ అత్తగారి పేరున్న క్యాసెట్ కవర్ పంపండి, మార్చేస్తాం.”

టెక్కలిలో మహాలక్ష్మమ్మ నిలబడి రెండు చరణాలు పాడింది. కూర్చున్నవాళ్లు తలలూపారు. తర్వాత ఒకాయన పాత రికార్డింగు పెట్టి ఫోను చూశాడు. పేరు పైకి చదివాడు. గొంతు అచ్చం అలాగే ఉందమ్మా అని మెచ్చుకుని, బాగా అనుకరించేవాళ్లకి వేరే విభాగం ఉంది, అందులో రాయమంటారా అని అడిగాడు. ఆమె వద్దంది.

ముగ్గురూ ఆటోలో తిరిగొస్తున్నారు. వైకుంఠరావు డ్రైవరు పక్కన కూర్చుని జీడితోటల వైపు చూస్తున్నాడు. మళ్లీ అప్పీలు పెడదామని భవ్యశ్రీ అంది. మహాలక్ష్మమ్మ ఆ మాట పట్టించుకోలేదు.

“ఒలే గుంటా, మొన్నటిదాకా ఒకపాలి కాకపోతే ఒకపాలైనా నా పేరు సెప్పీది గదే. దాన్నెందుకు బాగు సేయించినావు?”

“తప్పు సెప్తంది గదా అత్తా, అందుకని.”

“ఇప్పుడేటి సెప్తంది?”

భవ్యశ్రీ ఒళ్లో ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఆమె తీయలేదు.