గేటు ఇంటి గోడ

రైల్వే గేటు కాపలాదారు ఇంట్లో, వంటింటి గోడ మీద రైలు నీడ ముందు వచ్చేది. రైలు తర్వాత వచ్చేది. నీడ ఇంజను మొదలు చివరి పెట్టె దాకా గోడంతా పాకి వెళ్లాక, పొయ్యి మీది పాలు దించుకుని అలమరలో గాజు గ్లాసులు వెనక్కి జరుపుకునేంత తీరిక ఉండేది ఆయన భార్యకి. చుట్టుపక్కల వాళ్లు కూడా కిటికీలో తల పెట్టి, నీడేమైనా వచ్చిందా పిన్నీ అని అడిగి మరీ బయల్దేరేవారు.

ఇప్పుడు ఆ గోడకే ఎసరు పెట్టారు. పాత లైను పక్కన రెండో లైను వేశారు. గేటు తీసేసి పట్టాల కింద నుంచి దారి తవ్వుతారట, దారి పూర్తయ్యాక ఇల్లు పడగొడతారట. కొలతలకు వచ్చిన ఇంజనీరు, టేపు మీద నీడ పడితే అది దాటేదాకా ఆగి అంకెలు చదువుకున్నాడు. పనులు ఎనభై శాతం అయ్యాయన్నాడు. కిందటేడూ ఆ ముక్కే అన్నాడు. నా గోడ జోలికొస్తే ఊరుకునేది లేదని ఆవిడ అతని మొహం మీదే చెప్పేసింది.

ఒకే లైనున్న చోట పుట్టి పెరిగిన వాళ్లకి ఒక అలవాటుంటుంది. చివరి పెట్టె దాటితే ఇక భయం లేదని, గేటు లేవకముందే వంగి దూరిపోతారు. పట్టాల అవతల కుట్టుపనికి వెళ్లే వాళ్లమ్మాయీ అంతే. తండ్రి ఎంత కేకలేసినా ఆ అలవాటు పోలేదు.

ఆ పొద్దున అమ్మాయి క్యారేజీ పట్టుకుని వెళ్లింది. ఆవిడ కూర కలుపుతూ తలెత్తేసరికి గోడ మీద ఎడమ నుంచి ఒక నీడ వస్తోంది. కుడి నుంచి ఇంకోటి. కొత్త లైను మీద బండి నడిపి చూసేది ఇవాళేనని ఆయన చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మొదటి నీడ దాటీ దాటగానే, చిన్న నీడొకటి గేటు కింద నుంచి వంగి లేచింది. దాని చేతిలో క్యారేజీ ఊగుతోంది.

ఆవిడకి బయటికి పరిగెత్తే వ్యవధి లేదు. గరిటె పారేసి ఆ చిన్న నీడని అరచేత్తో గోడకి అదిమిపట్టింది. రెండో నీడ ఆవిడ వేళ్ల కొసలు రాసుకుంటూ పోయింది. తర్వాత బయట అసలు బళ్లు, ఒకదాని వెంట ఒకటి. గిన్నెలన్నీ దడదడలాడాయి. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది, తెరవడానికి భయమేసింది.

మోత ఆగాక ఆయన గుమ్మంలోకొచ్చాడు.

"గేటు దగ్గరే నిలబడి ఉంది. కాలు కదలట్లేదంటోంది. రెండు బళ్లూ పోయాయి, ఇక చెయ్యి తియ్యి."

"ఇంకోటి రాదని చెప్పండి."

ఆయన దగ్గరికొచ్చి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

ఇంజనీరు మళ్లీ వచ్చినప్పుడు ఆవిడే ఎదురెళ్లింది.

"ఆ కింద దారి ఎప్పటికవుతుంది బాబూ? మా గోడ ఎప్పుడు పడగొడతారు?"

పనులు చురుగ్గా సాగుతున్నాయనీ, ఎనభై శాతం అయ్యాయనీ అతను చెప్పాడు. ఆవిడ లోపలికొచ్చింది. అమ్మాయి చెప్పులేసుకుంటోంది. ఆవిడ వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది.