ముసుగు లేని మొహం

జంతువుల సంరక్షణ కేంద్రంలో వదినా మరదళ్ళవి పక్కపక్క గదులు. వదిన ఒళ్ళో తల్లిలేని నీటికుక్క పిల్ల. దానికి సీసాతో పాలు పడుతూ రోజంతా కబుర్లు చెబుతూనే ఉంటుంది. మరదలి గదిలో ఈమధ్యే గుడ్డు పగిలి బయటికొచ్చిన కొంగపిల్ల. అక్కడ నోరు మెదపకూడదు. ఒళ్ళంతా కప్పే తెల్ల ముసుగు తొడుక్కుని, చేతికి కొంగతల బొమ్మ తగిలించుకుని, ఆ ముక్కుతోనే మేత అందించాలి. మనిషి మొహం, గొంతు మరిగిన పిల్ల ఇక కొంగల్లో కలవదు.

"నోరు కట్టేసుకునే ఉద్యోగం ఎలా చేస్తున్నావే తల్లీ!" అనేది వదిన.

"ఇంట్లో నువ్వు నాకు సందిస్తేగా వదినా! అలవాటైపోయింది."

ఆ మధ్యాహ్నం ఎముకలు కొరికే చలిలో వదిన గది హీటరు కాలిపోయింది. నీటికుక్క పిల్ల వణికిపోతోంది. పక్క గదిలోది ఇప్పించమని డాక్టరుని బతిమాలింది.

"నీటికుక్కలు తగ్గిపోతున్నాయి, కాదన్ను. అయినా ఇంకా వేలల్లో ఉన్నాయి. ఈ కొంగలు వందల్లోకి పడిపోయాయమ్మా. ఆ హీటరు కదపడానికి వీల్లేదు."

"నా ఒళ్ళో ఉన్నది ఒక్కటే డాక్టరుగారూ."

ఆయన తల దించుకుని కొత్త హీటరు కోసం ఊళ్ళోకి వెళ్ళాడు. వదిన పిల్లను స్వెటర్లో దాచుకుంది. అయినా దాని కాళ్ళు చల్లబడుతున్నాయి. మరదలు చూడలేకపోయింది.

"ఇటివ్వు. నా ముసుగు కింద పెట్టుకుని హీటరు పక్కన కూర్చుంటా. నువ్వు మాత్రం లోపలికి రాకు."

కొంగపిల్ల నిద్రపోతోంది. ముసుగు కింద నీటికుక్క పిల్ల కాసేపు వెచ్చబడింది. అంతలో ఒక్కసారి ఎగశ్వాస పట్టి, వాలిపోయింది.

"వదినా!"

కేక నోరుదాటాకగానీ మరదలికి తెలియలేదు. వదిన పరుగున వచ్చింది. మరదలు ముసుగు లాగేసి, పిల్ల ముక్కులోకి ఊపిరి ఊదింది. "ఊదవే, ఇంకా ఊదు," అంటూ వదిన ఏడుస్తోంది. పిల్ల మళ్ళీ కదల్లేదు. కొంగపిల్ల నిద్ర లేచి, ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

ఆ తర్వాత అది బొమ్మముక్కు అందించిన మేత ముట్టలేదు. మరదలు కదిలితే చాలు, ఆమె పాదాల వెంటే నడిచేది. కొన్నాళ్ళు చూసి డాక్టరు తేల్చేశాడు: "దీన్నింక వదల్లేం. బతికినంతకాలం బోనే."

ఆయన వెళ్ళాక వదిన గుమ్మంలో నిలబడింది.

"ఆ ముసుగు తీసెయ్యవే. ఏదో ఒకటి మాట్లాడు దాంతో."

మరదలు ముసుగు తీసింది. పిల్ల ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది.