ఫొటోలో పడని పెళ్ళికూతురు

పొద్దున్నే కామేశ్వరి పొయ్యి మీద పప్పు పడేసి, గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చుందంటే పక్కన ఫోన్ టింగుమంటూనే ఉండేది. అన్నీ హారిక పంపే మెసేజీలే. గుంటూరులో ఈవెంట్స్ కంపెనీ పెట్టి పెళ్ళిళ్ళు చేయించే అమ్మాయి హారిక. మంగళస్నానానికి అందరూ పసుపుపచ్చ బట్టలే వేసుకోవాలనీ, సంగీత్‌కి మేనమామలు కూడా డాన్సు నేర్చుకోవాలనీ, మంచినీళ్ళ సీసాల మీద సైతం వధూవరుల పేర్లు కలిపి చేయించిన లోగో ఉంటుందనీ రాసేది. కామేశ్వరి అవన్నీ భర్తకి చదివి వినిపించేది. త్యాగరాజు చిలకలూరిపేట జూనియర్ కాలేజీలో లెక్కల మాస్టారు. "కానీవే, ఉన్నది ఒక్క పిల్ల" అని పేపరు తిప్పుకునేవాడు.

ఆ ఒక్క పిల్ల ఆశ్రిత. మంగళగిరిలో ఒక ఆఫీసులో పని. శనివారం సాయంత్రం బస్సులో ఇంటికొచ్చేది.

ఆశ్రిత మనసు లేనిచోట ఫొటోలో పడదు. చిన్నప్పట్నుంచీ అంతే. చుట్టాల పెళ్ళి ఆల్బముల్లో అమ్మకీ నాన్నకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. అదేమిటని ఎవరూ అడగరు. కొందరు పిల్లలకి పాలు పడవు, ఈ పిల్ల ఫొటోలో పడదు, అనుకున్నారంతే. పదో తరగతి హాల్ టికెట్‌కి ఫొటో కావాల్సొచ్చినప్పుడు స్టూడియో గఫూర్, "పాపకి ఇష్టమైందేదన్నా తినిపించి తీసుకురండమ్మా" అన్నాడు. కామేశ్వరి పుల్లైసు కొనిపెట్టి తీసుకెళ్ళింది. పెదాలు ఎర్రగా, చక్కగా పడింది.

విజయవాడలో బ్యాంకు ఆఫీసరు రామకాంత్‌తో సంబంధం ఖాయమయ్యాక ఒక ఆదివారం హారిక ఇంటికొచ్చి టాబ్ తెరిచింది.

"ఇది మీ పెళ్ళి మేడమ్. ఎవరి పెళ్ళిలానో ఉండకూడదు. మీకేం కావాలో మీరే చెప్పండి."

"గౌరీపూజ దగ్గర్నుంచి మహిమ నా పక్కన కూర్చోవాలి" అంది ఆశ్రిత.

మహిమ మంగళగిరిలో ఆమెతో ఒకే గదిలో ఉండే స్నేహితురాలు. కిందటేడు ఆశ్రితకి టైఫాయిడ్ వస్తే సెలవు పెట్టి మరీ గంజి కాచి పోసింది.

హారిక కామేశ్వరి వంక చూసింది.

"అదొక్కటీ వద్దమ్మా" అంది కామేశ్వరి. "వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు. గౌరీపూజ దగ్గర కూర్చోబెడితే మగపెళ్ళివారికి ఏం చెప్పమంటావు? భోజనానికి రమ్మను, కాదన్నానా?"

"భోజనానికి కాదమ్మా. పక్కన ఉండటానికి."

"ఇంకేదన్నా చెప్పండి మేడమ్" అంది హారిక గబగబా. "పల్లకీలో ఎంట్రీ పెడదామా? చుట్టూ పొగ వేయిస్తాను."

"మీ ఇష్టం" అంది ఆశ్రిత. హారిక పల్లకీ రాసుకుంది.

ఆ వారంలోనే కామేశ్వరి మహిమకి ఫోన్ చేసింది. "ఏమీ అనుకోకు తల్లీ" అంది. "అయ్యో, పర్లేదాంటీ" అంది మహిమ. ఇక భోజనానికీ రాదలచుకోలేదు.

పెళ్ళికి ముందు తీసే ఫొటోలకి హారిక ఊరి బయట మిరపకళ్ళం ఎంచుకుంది. ఎర్రటి నేపథ్యానికి ఈ ఏడు మంచి గిరాకీ అట. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళని కాసేపు పక్కకి జరగమన్నారు. కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని వాళ్ళు రేకుల నీడలో నిలబడ్డారు. ఘాటుకి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఆశ్రిత, రామకాంత్ చెప్పినట్టల్లా తిరిగారు, వంగారు, చేతులు పట్టుకున్నారు.

తీరా చూస్తే ప్రతి ఫొటోలోనూ రామకాంత్ ఒక్కడే ఉన్నాడు. గాలి నడుం చుట్టూ చెయ్యి వేసి, గాలి కళ్ళలోకి చూస్తూ నవ్వుతున్నాడు.

"నేను బాగానే పడ్డాను కదా?" అన్నాడు అతను కెమెరాలోకి తొంగిచూసి.

ఆశ్రిత అతన్ని కాస్త అవతలికి పిలిచింది. "నేనెందుకు పడలేదో మీరు అడగరా?"

"దానికేముంది, హారిక చూసుకుంటుందిలే" అన్నాడు రామకాంత్. చెడ్డవాడేమీ కాదు. ఆమె కళ్ళు మండుతున్నాయని మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు కూడా. ఆ ప్రశ్న మాత్రం అతనికి తట్టలేదు.

హారిక చూసుకుంది. "ఎక్కడన్నా నవ్వుతున్న ఫొటో ఒక్కటివ్వండాంటీ, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది" అంది. కామేశ్వరి కూతురి ఫోనంతా వెతికితే ఒక్కటే దొరికింది. టిఫిన్ బండి దగ్గర మహిమతో పునుగులు తింటూ, ఎందుకో పగలబడి నవ్వుతున్న ఫొటో. హారిక మహిమని తీసేసింది. ఆశ్రిత భుజం మీద మహిమ చెయ్యి మిగిలిపోతే దానికి రామకాంత్ వాచీ తొడిగింది. ఆ నవ్వునే మిరపకళ్ళంలో పెట్టింది, పల్లకీలో పెట్టింది, శుభలేఖ మీద పెట్టింది. ఒంటిరంగు కొంచెం తేల్చింది.

శుభలేఖ చూసి చుట్టాలంతా మురిసిపోయారు. ఆశ్రిత దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "ఈ నవ్వు వీళ్ళకిచ్చింది కాదమ్మా" అంది. కామేశ్వరి ఆ మాట వినిపించుకోకుండా కవర్ల మీద పసుపు బొట్లు పెడుతూ పోయింది.

పెళ్ళి పగటి ముహూర్తానికి, హైవే పక్క ఫంక్షన్ హాల్లో. వేదిక వెనక గోడంత స్క్రీన్ పెట్టారు. అందులో హారిక కంప్యూటర్లో చేయించిన ఆశ్రిత నవ్వుతూ పల్లకీ దిగింది, నవ్వుతూ గౌరీపూజ చేసింది. హాలంతా అటే చూస్తోంది. అడ్డుతెర ఇవతల పీట మీద కూర్చున్న ఆశ్రిత, వెనకే నిలబడ్డ తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా."

"ఉండమ్మా, ఒక్క నిమిషం చూడనీ" అంది కామేశ్వరి స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆనందంతో ఆమె కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

ఆశ్రిత ఆ చెయ్యి వదిలేసి లేచి నిలబడింది.

"మేడమ్, కొంచెం పక్కకి. ఫ్రేముకి అడ్డమొస్తున్నారు" అన్నాడు కెమెరామన్.

ఆమె పక్కకి జరిగింది. మెట్లు దిగింది. విస్తళ్ళు వేస్తున్న భోజనాల హాల్లోంచి నడిచి రోడ్డు మీదికి వచ్చేసింది.

వేదిక మీద తెర దించాక ఖాళీ పీట చూసి పంతులుగారు మంత్రం ఆపారు. "కానివ్వండి పంతులుగారూ, ముహూర్తం దాటిపోతుంది. అమ్మాయి ఉందిగా" అని హారిక స్క్రీన్ చూపించింది. ఆయన అటు చూసి, కండువా సర్దుకుని, మంత్రం అందుకున్నారు.

బస్ స్టాపులో సిమెంటు బల్ల మీద, నుదుట బాసికంతో, ఆశ్రిత కూర్చుంది. పత్తి బేళ్ళ లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. నాన్న పరుగెత్తుకొస్తాడనుకుంది. వస్తే ఏమనాలో కూడా అనుకుంది. పక్కన కూర్చుని ఏమైందమ్మా అని అడిగితే, లేచి ఆయన వెంట వెళ్ళిపోయేదేమో. హాల్లోంచి గట్టిమేళం వినిపించింది. తర్వాత ఆగింది. ఎవరూ రాలేదు.

బొడ్లో దోపుకున్న ఫోన్ టింగుమంది. చుట్టాల గ్రూపులో ఫొటో. రామకాంత్ తాళి కడుతున్నాడు. తలొంచి ఆ నవ్వే నవ్వుతోంది పెళ్ళికూతురు. కింద వరసగా అక్షింతలు, పూలు. నాన్న "శతమానం భవతి" అని పెట్టాడు. అమ్మ ఆమెకి విడిగా రాసింది: "ఈసారి ఎంత బాగా పడ్డావో తల్లీ. నా దిష్టే తగిలేట్టుంది."

ఆశ్రిత రెండోసారి కూడా చదివింది. బాసికం విప్పి బల్ల మీద పెట్టింది. గుంటూరు వైపు బస్సొస్తే ఎక్కింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

"మంగళగిరి."

అప్పగింతలప్పుడు కామేశ్వరి ఆ స్క్రీన్‌కి చెంప ఆనించి చాలాసేపు ఏడ్చిందట. రామకాంత్ వాళ్ళింట్లో ఆ పెళ్ళి ఫొటో నిలువెత్తున పెట్టుకున్నారు. చూసినవాళ్ళందరూ కోడలు కళగా ఉందంటారు.

మొదట్లో ఆశ్రిత ఆఫీసు వదిలాక గేటు దగ్గర తనవాళ్ళెవరన్నా నిలబడి ఉన్నారేమోనని చూసేది. కొన్నాళ్ళకి చూడటం మానేసింది.