జాబితాలో మోత్ర్యా పేరు

ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి సెర్బులు దోమాజెత్ అంటారు. పొరుగున ఉన్న బల్గార్లకు వాడు జవ్ర్యాన్ జెత్. ఒసీప్ పుట్టిన ఉక్రేనియన్ ఊళ్ళో ప్రియ్‌మాక్. మాట ఏదైతేనేం, అనేటప్పుడు మూతి వంకర తిరగడం మాత్రం అన్నిచోట్లా ఒకటే. సొంత ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒసీప్ కూడా అలా మూతి తిప్పినవాడే. ఎర్రసైన్యంతో యుద్ధంలో ఓడి, ఓడెక్కి, సెర్బియాలోని మొరావా లోయలో వుకోసవ్ అనే ముసలాడికి అల్లుడయ్యాక ఆ మాటే అతనికి పేరైపోయింది.

పదకొండేళ్ళు గొడ్డుచాకిరీ చేశాడు. ప్లమ్ తోట పెంచాడు, సారా కాచాడు, ఆ ఇంటికి ఒక మగపిల్లాణ్ణి ఇచ్చాడు. పిల్లాడికి మామగారి ఇంటిపేరే పెట్టారు. దానికీ నోరు మెదపలేదు. ఇన్నేళ్ళలో అతను కోరింది ఒక్కటే.

ఆ శరత్కాలంలో ఊరినుంచి ఉత్తరం వచ్చింది. తల్లి మోత్ర్యా పోయింది. అక్కడ చర్చికి ఎర్రవాళ్ళు తాళం వేసేశారు, ఆమె కోసం ప్రార్థన చేసే దిక్కులేదు. ఇక్కడైతే సెయింట్ నికోలస్ రోజున, ఇంటి పండుగకి, ఫాదరు వచ్చి రొట్టె కోసి ఇంట్లో పోయినవాళ్ళ పేర్లన్నీ చదువుతాడు. వాటిలో అమ్మ పేరు ఒక్కసారి వినబడితే చాలు.

మామను అడిగే ధైర్యం లేదు. జాబితా రాసేది భార్య దరింకా కాబట్టి ఆమెను బతిమాలాడు.

"రాస్తాలే. ఫాదరు గబగబా చదివేస్తాడు, మా నాన్న చెవికి ఆనదు," అంది దరింకా. ఆ వారమంతా ఒసీప్ ఈల వేసుకుంటూ కట్టెలు కొట్టాడు.

పండుగనాడు యజమాని కూర్చోకూడదు, నిలబడి చుట్టాలకు వడ్డించాలి. వుకోసవ్ మోకాళ్ళ నొప్పులని కుర్చీలో చేరగిలబడి ఆ నిలబడే పని అల్లుడికి అప్పగించాడు. చేపల సూపు గిన్నె పట్టుకుని ఒసీప్, పక్కనే రొట్టెల బుట్టతో ఎనిమిదేళ్ళ కొడుకు రాదోయ్. ఫాదరు చదువుతున్నాడు.

"మిలుతిన్... స్తామెనా... పెరునికా... మో... మోత్ర్యా? ఇదేం పేరమ్మా! ఎవరీవిడ?"

వుకోసవ్ తలెత్తాడు. "ఆ పేరుగల మనిషి మా ఇంట్లో పుట్టాలేదు, చావాలేదు. ఎవరే రాసింది?"

దరింకా నేల చూపులు చూసింది. "నాకేం తెలుసు నాన్నా? ఆయనే ఎవరిచేతో రాయించుంటాడు."

"ఇల్లరికం వాడొక్కడే వచ్చాడనుకున్నాం. చచ్చినోళ్ళని కూడా మూటగట్టుకొచ్చాడ్రోయ్!" అన్నాడు పక్కింటి ఆసామి. బల్లంతా ఘొల్లుమంది.

వుకోసవ్ నవ్వలేదు. "చూడు ఒసీపూ, ఆవిడ నీ మనిషైతే చెప్పు. చెప్పేసి, ఆవిణ్ణి వెంటేసుకుని గేటు దాటి పో. పిల్లాడు మావాడు, ఇక్కడే ఉంటాడు. నీ మనిషి కాకపోతే ఫాదరు గారు కొట్టేస్తారు, మనం అన్నం తింటాం."

ఫాదరు చెడ్డవాడేం కాదు, ఆకలిమీద ఉన్నాడు. "చెప్పు నాయనా, నీకేమవుతుంది? సూపు చల్లారిపోతోంది."

రాదోయ్ తండ్రి ముఖంలోకి చూశాడు. ఉత్తరం వచ్చిననాడు నాయనమ్మ పేరు ఒసీపే వాడికి నేర్పాడు. ఆ పిల్లాణ్ణి వదిలి గేటు దాటడమంటే ఒసీప్‌కు ప్రాణం పోయినట్టే.

"ఏమీ కాదండీ," అన్నాడు. "ఎవరో పొరపాటున రాసుంటారు."

ఫాదరు పెన్సిలుతో గీత గీసి తర్వాతి పేరు అందుకున్నాడు. కన్నతల్లిని నలుగురిలో కాదన్నాడు ఒసీప్, అదీ తన నోటితోనే. ఏ కొడుకు కోసం అన్నాడో ఆ కొడుకు తలమీద చెయ్యి వేయబోయాడు. రాదోయ్ ఆ చెయ్యి తగలకుండా తప్పుకున్నాడు. బుట్ట బల్లమీద పెట్టేసి, వెళ్ళి తాత కుర్చీ పక్కన నిలబడ్డాడు.