ఎవరినీ అడగక్కర్లేని బండి

భిక్షపతికి నేను రెండు అబద్ధాలు చెప్పాను. మొదటిది భయం కొద్దీ చెప్పాను కాబట్టి దానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. రెండోది మాత్రం తీరిగ్గా కూర్చుని, కాగితం మీద లెక్క వేసి మరీ చెప్పాను. పాతికేళ్లు పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన చేత్తో వేసిన దొంగ లెక్క అది. ఇప్పటికీ గుర్తొస్తే కంచం ముందు నుంచి లేచిపోవాలనిపిస్తుంది.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఎంసెట్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటూ మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాను. గోడ అవతల భిక్షపతి. నకిరేకల్ వైపు నుంచి వచ్చినవాడు. వెల్డింగ్ షాపు పెట్టి ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు చేస్తాడు. మా గేటు అతను చేసిందే. అతని భార్య యాదలక్ష్మి మా ఆవిడ బిందుమాధవిని అక్కా అనీ, మా అమ్మ వెంకాయమ్మని పెద్దమ్మా అనీ పిలిచేది. భిక్షపతి నన్ను మీరు అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. ఇద్దరిదీ ఒకటే వయసు. పదకొండేళ్లలో అది నాకు ఒక్కసారి కూడా తప్పనిపించలేదు.

రెండు వేల తొమ్మిది డిసెంబరులో, తెలంగాణ ఉద్యమం రాజుకున్నప్పుడు, మా కోచింగ్ సెంటరు కిటికీ అద్దం ఒకటి పగిలింది. రాయి ఎవరికీ తగల్లేదు, నా నిద్ర మాత్రం పోయింది. ఏదో ఒక రోజు ఉన్నపళంగా ఇల్లు వదిలిపోవాల్సి వస్తే ఎలా అన్నదొక్కటే ఆలోచన. బంద్ రోజు హోటల్ ఉండదు, పెట్రోలు బంకు ఉండదు, రోడ్డు మీద ఎన్ని గంటలు ఆగిపోతామో తెలియదు. అమ్మకి మోకాళ్లు వంగవు, గంటకోసారి బాత్రూముకి లేవాలి. ఇంటర్నెట్‌లో చూస్తే విదేశాల్లో కార్ల వెనక తగిలించుకుపోయే చిన్న ఇళ్లు కనిపించాయి. లోపలే మంచం, పొయ్యి, నీళ్లు, కరెంటు. అడవిలో వారం రోజులు ఆపుకున్నా ఎవరి అవసరం ఉండదట. పిరికివాడి చేతికి ఇంటర్నెట్ దొరికితే ఇంతే. ముగ్గురం మూడు రోజులు ఎవరినీ ఏదీ అడగకుండా బతికే బండి ఒకటి కావాలని తేల్చుకున్నాను. నా పాత జీపు వెనక తగిలిస్తే చాలు.

అది చేయగలిగినవాడు నాకు తెలిసి భిక్షపతి ఒక్కడే. అందుకని రెండు వేల పదకొండు ఎండాకాలంలో వెళ్లి మొదటి అబద్ధం చెప్పాను.

"అమ్మకి నాగార్జునసాగర్ చూడాలని ఉంది భిక్షపతీ. లాడ్జీలు ఆవిడకి పడవు. డ్యామ్ దగ్గర బండి ఆపుకుని నాలుగు రోజులు హాయిగా ఉండి వస్తాం."

"మస్తుంటది సారూ!" అన్నాడు. "ఇల్లే ఎంబడి తోలుకపోవుడు. చేద్దాం, మా పెద్దమ్మ కోసం గాకుంటె ఇంకెవల కోసం చేస్త?"

ఒక టెంట్‌హౌస్ వాళ్లు వదిలేసిన రెండు చక్రాల ట్రాలీ తెచ్చి దాని మీద గది లేపడం మొదలుపెట్టాడు. అప్పటికే అతను మా కాలనీ జేఏసీలో ముఖ్యుడు. పొద్దున ధర్నా, మధ్యాహ్నం ఊరేగింపు, సాయంత్రం నా బండి. ఎవరికి భయపడి ఆ బండి చేయించుకుంటున్నానో ఆ మనుషుల్లో ఒకడు ఎర్రటి కళ్లతో కూర్చుని నాకోసం వెల్డింగ్ చేస్తుంటే, నేను పక్కన కుర్చీ వేసుకుని సలహాలు చెప్పేవాణ్ణి.

నీళ్ల ట్యాంకు ఇరుసు మీదికే రావాలనీ, లేకపోతే మలుపుల్లో నీళ్లు ఊగి బండిని లాగేస్తాయనీ సమీకరణాలతో చెప్పబోయాను. అతను నవ్వి ట్యాంకు మూత తీసి చూపించాడు. మధ్యలో చిల్లుల రేకు అడ్డం పెట్టి ఉంది, నీళ్లు ఊగకుండా. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి లీకైతే బయటికి పోవడానికి కింద సందు వదలాలన్నాను. అదీ అప్పటికే వదిలాడు. పైకప్పు మీద సోలార్ పలక, కింద బ్యాటరీ, ఒక చిన్న ఫ్యాను, రెండు లైట్లు. ఎండలేకపోయినా రెండు రాత్రులు ఫ్యాను తిరిగేలా లెక్క మాత్రం నేనే వేశాను. యాదలక్ష్మి మా అమ్మ ఎత్తు కొలుచుకెళ్లి కమోడ్ కుర్చీ చేయించింది. లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కన ఒక రాడ్డు కూడా పెట్టించింది. కన్నకొడుకుని, ఆ రాడ్డు నాకు తట్టలేదు.

నాకు తట్టినవి వేరే. తలుపుకి లోపల మూడు గడియలు పెట్టమన్నాను. కిటికీలకి లావుపాటి ఇనుప జాలీ వేయమన్నాను. జాలీ ఎందుకని అడిగితే దోమలకన్నాను. వేలు దూరే జాలీలోంచి దోమ దూరదా అని అడిగేంత తెలివి అతనికి లేదనుకున్నాను.

ఒక ఆదివారం వెళ్లేసరికి బండిలో మూడు బెర్తులకి బదులు ఐదున్నాయి. వెనక గోడకి రెండు మడత బెర్తులు, గొలుసులతో చక్కగా వేలాడదీసి ఉన్నాయి. యాదలక్ష్మి పాత చీరలతో కుట్టిన బొంతలు వాటి మీద పరుస్తోంది.

"గివి మా ఇద్దరికి సారూ," అన్నాడు భిక్షపతి. "మేము గూడ ఒస్తం. పెద్దమ్మను జూసుకోనీకి ఒక మనిషి ఉండాలె గద."

"అక్క, నేను గల్సి చేపల పులుసు ఒండుతం," అంది యాదలక్ష్మి.

ఆ చోటు నేను ఇనప్పెట్టెకి అనుకున్నాను. ఇంటి కాగితాలు, బాండ్లు, అమ్మ వెండి, ఇత్తడి సామాను అన్నీ పెట్టి తీసుకుపోయే పెట్టె. పైగా పారిపోయే బండిలో వీళ్లెక్కడ? నిజం చెప్పేయాల్సిన సమయం అదే. చెప్పలేదు. జేబులోంచి కాగితం తీశాను. ఇరుసు గీశాను, జీపుకి తగిలించే హుక్కు గీశాను, ఇద్దరి బరువూ వెనక్కి పడితే ముందు హుక్కు పైకి లేస్తుందని బాణం గుర్తులతో చూపించాను. ఇరుసు మోయగలిగే బరువు కావాలనే తక్కువ వేశాను. "ఇంకో వంద కిలోలు కూడా ఆగదు భిక్షపతీ, విరుగుతుంది" అన్నాను.

అతను కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మీరు చదువుకున్నోళ్లు సారూ," అని కట్టర్ అందుకుని, నా కళ్లముందే రెండు బెర్తులూ కోసేశాడు. యాదలక్ష్మి బొంతలు మడతపెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని మాటే అయినా, అనుకున్న మాట నిజం.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. చింతలకుంట దగ్గర రోడ్డు మీదే వంటావార్పు పెడితే భిక్షపతి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పంక్తిలో కూర్చోబెట్టాడు. "మా సారు, మా పక్కింటాయన," అని అందరికీ చెప్పాడు. పప్పు వడ్డించాడు. ఇప్పుడు చెప్పేద్దాం అని నోరు తెరిచాను. "పప్పు బాగుంది" అన్నాను. ఆంధ్రా వాణ్ణని అక్కడ ఎవరూ నన్ను పక్కకి జరగమనలేదు. అయినా నా కాళ్లు లేచిపోవడానికే తొందరపడ్డాయి.

అక్టోబరు మొదట్లో ఒక పొద్దున మా గేటు మీద సుద్దతో "గో బ్యాక్" అని రాసి ఉంది. ఎవరు రాశారో ఈ రోజుకీ తెలియదు. బిందుమాధవి తడిబట్టతో తుడిచేసి లోపలికి వచ్చింది.

"ఇంక ఒక్క రోజు కూడా ఉండనండి. మీ బండి ఎందుకు చేయించారో అందుకు వాడండి," అంది.

గంటలో సర్దేశాం. జీపు వెనక సీటు నిండా బట్టలు, టీవీ, కుట్టుమిషను. ఇనప్పెట్టె నేనొక్కణ్ణి ఎత్తలేక సతమతమవుతుంటే గోడ అవతల నుంచి భిక్షపతి వచ్చాడు. రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం మధ్యమధ్య దించుకుంటూ మోసుకెళ్లి, బెర్తులు కోసేసిన చోటే ఆ పెట్టె పెట్టాం. పెట్టె అతనూ యాదలక్ష్మీ కలిసినంత బరువుంటుంది. దించాక చేతులు దులుపుకుంటూ అతను ఇరుసు వైపు చూశాడు. అది విరగలేదు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"భిక్షపతీ, మేం వెళ్లేది సాగర్‌కి కాదు," అన్నాను.

"ఎరుకే సారూ."

"ఎప్పట్నుంచి?"

"తలుపుకు లోపట మూడు గడియలు పెట్టమంటిరి గద. సాగర్ సూడవొయ్యేటోళ్లకు గడియలెందుకు? జాలీ దోమలకంటిరి. ఇరవై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న, ఏది దేనికో తెల్వదా?"

"మరి తెలిసీ ఎందుకు చేశావు? ఒక్క మాట అడగొచ్చు కదా?"

"మీరే చెప్తరని సూసిన," అన్నాడు. కోపం లేదు. కోపమైనా బాగుండేది. "గా రెండు బెర్తులు సాగర్ కోసం ఏసిననుకున్నరా? పోయే దినమొస్తే నేను, మా యాదమ్మ లోపట కూసొని కోదాడ దాంక మిమ్ముల దించి ఒద్దమనుకున్నం. నల్లగొండోళ్లం లోపట ఉంటే ఎవడాపుతడు?"

నన్ను కాపాడడానికి అతను వేసిన రెండు బెర్తుల్ని నేను దొంగ లెక్కతో అతని చేతే కోయించాను. ఆ లెక్క దొంగదని తెలిసీ అతను కోశాడు. తప్పయిందన్నాను. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, వినిపించిందో లేదో కూడా తెలియదు.

ఉండిపోండి, ఎవరూ ఏమీ చేయరు అని అతను ఆ రోజు అనలేదు. అని ఉంటే ఉండేవాణ్ణేమో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. అది కూడా నా తప్పు అతని మీదికి తోసేయడమే.

అతను గోడ మీదుగా కేకేశాడు. "యాదమ్మా, చెప్పులేస్కొని రా." తర్వాత నావైపు తిరిగి, "బెర్తు లేకుంటేంది సారూ, పెట్టె మీద కూసుంటం. నడువున్రి," అన్నాడు.

బరువు సంగతి ఎవరమూ ఎత్తలేదు.

అలా బయల్దేరాం. అమ్మ మెత్తటి బెర్తు మీద, ఫ్యాను కింద పడుకుంది. భిక్షపతీ యాదలక్ష్మీ నా ఇంటి కాగితాలున్న ఇనప్పెట్టె మీద కూర్చున్నారు. మూడు గడియల తలుపు దారంతా తెరిచే ఉంది, లోపల ఎవరున్నారో రోడ్డు మీద వాళ్లకి కనిపించడానికి. హయత్‌నగర్‌లో ఆపారు, చౌటుప్పల్‌లో ఆపారు, సూర్యాపేట దగ్గర రెండుసార్లు ఆపారు. ప్రతిసారీ అతనే దిగి, "మా పెద్దమ్మ, పానం బాగలేదు, జర తొవ్వ ఇయ్యిండ్రి" అని బతిమాలాడు. వాళ్లు పక్కకి జరిగారు. ఒకచోట అమ్మకి మజ్జిగ కూడా ఇచ్చారు. ఎవరినీ ఏదీ అడగక్కర్లేకుండా చేయించుకున్న బండి అది. నా బదులు దారి పొడుగునా అతను అడుగుతూనే ఉన్నాడు.

కోదాడ దాటి రామాపురం క్రాస్‌రోడ్డు చేరేసరికి నాలుగు దాటింది. అక్కణ్ణుంచి కృష్ణా జిల్లా. యాదలక్ష్మి కాళ్లు తిమ్మిరెక్కి, అమ్మకోసం పెట్టించిన రాడ్డు పట్టుకుని దిగింది. అమ్మ ఆమె బుగ్గలు నిమిరి, "నువ్వు కూడా రావే మా ఊరికి," అంది. యాదలక్ష్మి నవ్వి అమ్మ కొంగు సర్దింది.

"పోండ్రి సారూ, చీకటి పడకముందే బెజవాడ చేరున్రి," అన్నాడు భిక్షపతి. "ఇల్లు నేను జూస్త. పరేషాన్ గాకుండ్రి."

సరేనని జీపెక్కాను. బిందుమాధవి ఏడుస్తూ చెయ్యి ఊపింది. అద్దంలో చాలా దూరం వాళ్లిద్దరూ ఖాళీ రోడ్డు పక్కన నిలబడి కనిపించారు. కొంత దూరం లారీ మీద, కొంత దూరం నడిచి, మూడో రోజు పొద్దునకి ఇల్లు చేరారని తర్వాత యాదలక్ష్మి మా అమ్మకి చేసిన ఫోన్లో తెలిసింది.

నువ్వు తిరిగి ఎలా వెళ్తావు భిక్షపతీ అని నేను ఆ రోజు అడగలేదు. బస్సులు లేవని నాకు తెలుసు. అడిగితే బండి వెనక్కి తిప్పాల్సి వస్తుందనీ తెలుసు.